దోమల తలలు లాగే దాన్ని, నాకే మలేరియా

హైదరాబాదులో ఒక ల్యాబ్‌లో నా పని దోమల తలలు లాగడం. మైక్రోస్కోప్ కింద పెట్టి సూదితో మెల్లగా లాగితే, తలతో పాటు ఉమ్మి గ్రంథులు ఊడి వస్తాయి. వాటిలో మలేరియా క్రిములుంటాయి. ముందే రేడియేషన్ తగిలించి నీరసపరిచిన క్రిములు. వాటితోనే టీకా చేయాలని మా ప్రయత్నం.

కిందటి వానాకాలం నెల సెలవు పెట్టి, భిలాయి ఉక్కు టౌన్‌షిప్‌లో ఉండే అమ్మానాన్నల దగ్గరికి వచ్చాను. కూతురు మలేరియా మందు కనిపెడుతోందని అమ్మ సెక్టర్ 6 అంతా చాటింపు వేసింది. పక్క క్వార్టర్ పెద్దమ్మ విచారణకు వచ్చింది.

"ఏటే, రోగం పురుగునే మనిషికి ఎక్కిస్తారా?"

"నీరసప్పురుగు పెద్దమ్మా. కాలేయం దాకా వెళ్తుంది గానీ అక్కడ పెరగలేదు. ఈలోగా ఒంటికి దాని మొహం గుర్తుండిపోతుంది."

"మా ఆయనా అంతేనే. రిటైరైన కాడినుండీ ఎదుగూ నేదు, పనీ నేదు. మొహం మాత్రం గుర్తుండిపోయింది."

దోమతెర కట్టుకోమని అమ్మ రోజూ పోరింది. దోమల సంగతి నాకు చెప్పొద్దని విసుక్కున్నాను.

మూడో వారం ఒక మధ్యాహ్నం చలి మొదలైంది. మూడు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకలాడాయి. నాన్న స్కూటర్ మీద సెక్టర్ 2లోని క్లినిక్‌కి తీసుకెళ్లాడు. అక్కడి టెక్నీషియన్ నా రక్తం చూసి, "మలేరియా హై, దీదీ" అన్నాడు. నమ్మలేక నేనే మైక్రోస్కోప్‌లోకి తొంగిచూశాను. నా రక్తకణాల్లో ఊదారంగు ఉంగరాలు, మలేరియా క్రిములే. వీటికి రేడియేషన్ ఎవరూ తగిలించలేదు. నీరసం మాత్రం నాకొచ్చింది.

"ఆప్ క్యా కర్తీ హో, దీదీ?"

"బ్యాంకులో పని," అన్నాను హిందీలో. నాన్న గోడ మీది క్యాలెండర్ వైపు తిరిగి దగ్గాడు.

మర్నాడు పెద్దమ్మ మిరియాల చారు తెచ్చింది. నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"ఆ సూదేదో ముందు నువ్వే ఏయించుకోవాల్సింది కదే."

"ఇంకా పరీక్షల్లోనే ఉంది పెద్దమ్మా."

"బేగి కానీయండి మరి. మా కోడలికి కడుపుతో ఉండగా వచ్చింది ఈ జొరం. బిడ్డ దక్కనేదు." గ్లాసు నా చేతిలో పెట్టింది. "సల్లారకముందే తాగు."

ఇన్నేళ్లు గోడకు గోడ ఆనుకుని ఉండి నాకా సంగతి తెలియదు. చారు గటగటా తాగేశాను. నోరు కాలింది.

సెలవు పొడిగించి, పద్నాలుగు రోజుల మాత్రలూ మింగి బండెక్కాను. ల్యాబ్‌లో మొదటిరోజు ఒక్కసారి కూడా విసుక్కోకుండా, ఒక్క గ్రంథీ చితక్కుండా తలలు లాగాను. రెండోరోజు నుంచి మళ్లీ మామూలే.