నా జాకెట్టు చూసిన దేశాలు

అమీర్‌పేట సందులో నా జాకెట్లు కుట్టే టైలరన్న, ఎప్పుడు వెళ్లినా మెడలో టేపు సర్దుకుంటూ ఒకటే మాట అనేవాడు: "రేపు పక్కా, చెల్లె!"

మా తమ్ముడి పెళ్లికి నెల ఉందనగా, కుట్టమని ఇచ్చిన జాకెట్టు కోసం వెళితే షట్టర్ దించి ఉంది. ఫోన్ చేశాను.

"లావోస్‌ల ఉన్నం చెల్లె, నేనూ మీ వదినా. సంచులు భుజానేసుకొని బస్సులల్లనే వియత్నాం దాంక పోతున్నం. ఫికర్ చెయ్యకు, నీ జాకెట్టు సుత మాతోనే ఉంది, దారిల హుక్కులు కుడుతున్నం" అన్నాడు.

నిజమే. సరిహద్దులో ఆఫీసరు వదిన సంచి విప్పితే పదకొండు జాకెట్లు బయటపడ్డాయట. ఒక్కటీ ఆమె కొలతది కాదు. అమ్మకానికి తెచ్చారని అతనికి అనుమానం వచ్చింది. వదిన అక్కడే నేలమీద కూర్చుని, సూది తీసి, నా జాకెట్టుకు హుక్కు కుట్టి చూపించింది. అతను నవ్వేసి ముద్ర కొట్టాడు.

పెళ్లి ముందురోజు ఇద్దరూ పంజాగుట్టలో మెట్రో దిగి, దుమ్ముకొట్టుకున్న సంచులతో నేరుగా మా ఇంటికొచ్చారు. అన్ని దేశాలు చూసొచ్చిన జాకెట్టు తొడుక్కుంటే చేతులు బిగుతుగా ఉన్నాయి.

"జర కుట్లు ఇప్పి ఇస్త. రేపు పక్కా!" అన్నాడు.

"పెళ్లి రేపే అన్నా!"

మెడలో టేపు సర్దుకున్నాడు.

"గందుకే గదా చెల్లె, పక్కా అంటున్న."