మా మేడం ఎర్ర పెన్సిలు

ఆదివారం చర్చి నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే ఫోను మోగింది.

"పాపా, అమ్మ లేదు. పొద్దున కాఫీకి లేపితే లేవలా."

నరసరావుపేటలో మా తెలుగు మేడం ఇంట్లో ముప్పై ఏళ్లకి పైబడి పని చేస్తున్న ఆమె గొంతు అది. నాకు నలభై ఐదు దాటాయి, నూజెండ్ల దగ్గర హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను. ఆమెకి మాత్రం ఇంకా పాపనే. వినుకొండ దాకా ఒక బస్సు, అక్కణ్ణుంచి ఇంకో బస్సు. మొదటి బస్సులో గట్టిగానే ఉన్నాను. రెండో దాంట్లో పక్కనున్నామె "ఎవరు పోయారమ్మా?" అని అడిగేదాకా నేను ఏడుస్తున్నట్టు నాకే తెలియలేదు. మా మేడం అన్నాను. "ఓ, టీచరా" అని ఆమె స్థిమితపడింది. ఆమె తప్పేం లేదు. ఆ టీచరు నాకు ఏం చేసి పెట్టారో ఆమెకెట్లా తెలుస్తుంది? అది చెబుదామనే ఇది రాస్తున్నాను.

డిగ్రీ కాలేజీలో మేడం మాకు నవల చెప్పేవారు. సిలబస్‌లో ఉన్న పాత నవల. పేరు చెప్పను. దాన్ని ప్రాణంగా చూసుకునేవాళ్లు ఇంకా ఉన్నారు, వాళ్లతో నాకు గొడవ వద్దు. జమీందారు గారి అబ్బాయి, పేద పంతులు గారి అమ్మాయి. కాలవ గట్టు మీద నడకలు, ఉత్తరాలు, పెద్దల కోపాలు, ఆఖరి పేజీలో పెళ్లి పందిరి. మేం ఆడపిల్లలం పాఠం మొదలవకముందే దాన్ని చదివేసి, ఒకరికి కనపడకుండా ఒకరం ఏడ్చాం.

మేడం మొదటిరోజు ప్రేమ గురించి ఒక్క మాట మాట్లాడలేదు. బ్లేడుతో ఎర్ర పెన్సిలు చెక్కుతూ, "ఇందులో మోసేవాళ్లు, తోమేవాళ్లు, బండి తోలేవాళ్లు మాట్లాడిన ప్రతి మాట కింద గీత గీసుకు రండి. వాళ్లతో హీరో అన్న మాట కింద రెండు గీతలు" అన్నారు. పెన్సిలు పొట్టు నేల మీద పడనిచ్చేవారు కాదు. పాత కాగితంలో పట్టి, మడిచి, హ్యాండ్‌బ్యాగులో వేసుకునేవారు. ఊడ్చేది ఇంకొకరు గదా అనేవారు.

వారం తర్వాత పుస్తకాలు తెచ్చాం. అంత లావు నవల్లో ఎర్ర గీతలు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఉత్తరాలు మోసి మోసి కాళ్లరిగిన పనిపిల్లకి ఉన్నది "అట్టాగేనండి" ఒక్కటే. కాలవ గట్టు మీద పేజీలకి పేజీలు తేనె ఒలకబోసిన కథానాయకుడు, ఎండలో తనకి గొడుగు పట్టిన ముసలాయన్ని "ఒరేయ్" అని తప్ప పిలవలేదు.

"ఏంది మేడం, మంచి సీనంతా చెడగొట్టారు" అన్నాన్నేను.

"చెడగొట్టలా. ఆ పిల్లని మెప్పించాల గదా, బాగానే మాట్లాడతాడు. మెప్పించాల్సిన పని లేని చోట ఎట్టా మాట్లాడతాడో చూడు. పెళ్లయిన ఏడాదికి ఆ పిల్ల ఉండేది ఆ చోటే."

క్లాసంతా నవ్వింది. నేను నవ్వలేదు. అప్పటికి నాకూ ఒక కథానాయకుడున్నాడు.

మా ఊరు పిడుగురాళ్లలోనే సున్నపు బట్టీలున్న వాళ్ల అబ్బాయి. ఇంట్లో బండి ఉండి కూడా రోజూ నేనెక్కే బస్సే ఎక్కేవాడు. చక్కగా ఉత్తరాలు రాసేవాడు. మా అమ్మ బట్టీల్లో రాయి మోసే కూలి మనిషని చెబితే, "కులాలూ డబ్బులూ మనకేంది, నువ్వుంటే చాలు" అన్నాడు. పరీక్షలు కాగానే రిజిస్టరు పెళ్లి అనుకున్నాం. ఏ బట్టీ అని అతను అడగలేదు. మేస్త్రీ ఎక్కడికి పిలిస్తే అమ్మ అక్కడికి వెళ్లేది కాబట్టి నేనూ చెప్పలేదు.

ఒక సెలవురోజు అమ్మ క్యారియరు మరిచిపోయి వెళితే పట్టుకుని వెళ్లాను. ఆ వారం పని వాళ్ల బట్టీలోనే. సున్నం దుమ్ముకి అక్కడ ఆడవాళ్లంతా కళ్లు మాత్రం వదిలి ముఖానికి గుడ్డ చుట్టుకుంటారు. నేనూ గేటు దగ్గరే చున్నీ చుట్టుకున్నాను. అతను లారీ పక్కన నిలబడి ఉన్నాడు. తట్టతో వస్తున్న మా అమ్మని చూసి, "ఏమే ముసలిదానా, నడుస్తన్నావా, నిద్రపోతన్నావా? లారీ ఆగింది కనపడట్లా?" అన్నాడు.

"వస్తన్నానయ్యా" అంది అమ్మ. ఆమెకి అప్పుడు నలభై రెండు.

నాకు ముందు కోపం కూడా రాలేదు. దీని కింద రెండు గీతలు, అనుకున్నాను. క్యారియరు అమ్మ చేతికిచ్చి వచ్చేశాను.

మర్నాడు బస్టాండులో అతనికి చెప్పాను. పాపం, ముఖం పాలిపోయింది. "మీ అమ్మని తెలిస్తే అట్టా అంటానా?" అన్నాడు. నిజమే, తెలిస్తే అనడు. ఆ మాటతోనే నాకు తెలిసిపోయింది. "మా అమ్మ వెనకాల తట్ట మోసుకొచ్చేది ఎవరమ్మ?" అని అడిగాను. అతనికి ప్రశ్నే అర్థం కాలేదు. వచ్చేశాను. ఇష్టం పోయి రాలేదు, ఇష్టం ఉండగానే వచ్చాను. చానా రోజులు అన్నం సహించలేదు.

ఆ సాయంత్రమే మేడం ఇంటికి వెళ్లాను. వరండాలో ఒకే పేము కుర్చీ ఉండేది. నన్ను అందులో కూర్చోబెట్టి, తను గడప మీద కూర్చుని అంతా విన్నారు. "బాగా చదివావే" అని నా తల నిమిరారు. తర్వాత లోపలికి తిరిగి కేకేశారు. "ఒసేయ్, చెవుడా నీకు? పిల్లకి మంచినీళ్లు తెమ్మని ఎంతసేపు?"

ఆమె నీళ్లు తెచ్చింది. మేడం కంటే రెండు మూడేళ్లు పెద్దదే. నేను మామూలుగానే నోరు పట్టుకోలేని మనిషిని, ఆ రోజు అసలు పట్టుకోలేదు.

"మేడం, ఎర్ర పెన్సిలు ఎక్కడుంది?" అన్నాను.

మేడం ముఖం కందగడ్డయింది. "ఇంటికి వెళ్లు" అన్నారు. ఒకే రోజున ఇద్దర్ని పోగొట్టుకున్నాను అనుకుంటూ ఆఖరి బస్సెక్కాను.

పది రోజులు మేడం నా వంక చూడలేదు. పదకొండో రోజు క్లాసయ్యాక "సాయంత్రం ఇంటికి రా" అన్నారు. వెళితే వరండాలో రెండో పేము కుర్చీ ఉంది, మొదటి దానికి జోడు, అంతే ఎత్తు. "అక్కా, మూడు టీలు పట్టుకుని నువ్వూ రా" అని మేడం లోపలికి పిలిచారు. ఆ "అక్కా" అనడానికి నాలుక ఎంత కష్టపడిందో నాకు వినపడింది. ఆమె కూర్చోలేదు. "నాకెందుకమ్మా ఈ గోల" అని గోడకి ఆనుకుని నిలబడే తాగింది. కూర్చోబెట్టడానికి ఏడాది పట్టిందట. మొదట్లో బస్సు కోసం చూస్తున్న మనిషిలా అంచు మీద. ఆ తర్వాత ఇన్నేళ్లూ నాలుగున్నర కొడితే ఇద్దరూ ఆ కుర్చీల్లో టీ తాగేవారు.

"పాఠం చెప్పటం వేరు, చదవటం వేరు. నేను చానా ఏళ్లు చెప్పటమే చేశా" అన్నారు మేడం ఒకసారి. అంతకు మించి ఆ సంగతి మేమెప్పుడూ మాట్లాడుకోలేదు.

నేను తర్వాత చేసుకున్నాయనకి ఉత్తరాలు రాయడం రాదు. పెళ్లిచూపుల్లో తాగిన కప్పు తనే తీసుకెళ్లి మా వంటగదిలో పెట్టొచ్చాడు. అక్కడ ఒప్పుకున్నాను. అలాగని దేవుడేం కాదు, ఆటోవాళ్ల మీద అరుస్తాడు. నేను గాల్లో వేలితో రెండు గీతలు గీస్తాను. ఒక్కోసారి తగ్గుతాడు. ఒక్కోసారి ఆయనే నాకు గీస్తాడు. ఇద్దరం మొహమొహాలు చూసుకుని ఊరుకుంటాం. ఏ నవల్లోనూ ఈ అధ్యాయం నాకు కనపడలేదు, కానీ నాకు ఇదే నచ్చింది.

ఆదివారం నేను చేరేసరికి వీధంతా అద్దె కుర్చీలు, అన్నీ నిండిపోయి ఉన్నాయి. మేడం పుట్టింటివాళ్లు బజారులో బట్టల వ్యాపారస్తులు, బలగం పెద్దది. హాల్లో మేడం పడుకుని ఉన్నారు. దండం పెట్టుకుని వరండాలోకి వచ్చాను. పేము కుర్చీలు రెండూ ఎక్కడివక్కడే ఉన్నాయి. ఒకటి ఖాళీ. రెండో దాంట్లో ఆమె వీపు ఆనించి కూర్చుని ఉంది.

చుట్టాల్లో ఒకాయన వచ్చి, "ఏమే, కాస్త లెగు. మావయ్య నిలబడ్డాడు, కనపడట్లా?" అన్నాడు.

నేను నోరు తెరవబోయాను. అవసరం పడలేదు.

"ఇది నాదయ్యా" అందామె, గొంతు పెంచకుండానే. "అది అమ్మది. పెద్దాయన్ని అందులో కూర్చోమను. అమ్మ ఏమీ అనుకోదు."

పెద్దాయన కాసేపు తటపటాయించి, వచ్చి కూర్చున్నాడు. నాలుగున్నరకి పక్కింటివాళ్లు టీ తెచ్చారు. ఆమె కూర్చున్న చోటు నుంచే రెండు గ్లాసులు అందుకుని, ఒకటి ఆయనకిచ్చి, రెండోది తను తాగింది.