మంచిగున్నది అంటే కొననట్టే

నిజామాబాద్‌లో మంచి పిజ్జా ఎక్కడ దొరుకుతుందన్న విషయంలో మా ఇంట్లో ఏ పార్టీకీ ఇంతవరకు మెజారిటీ రాలేదు.

మా ఆయన బడిపంతులు. హైదరాబాద్ రోడ్డు మీద అద్దాల తలుపు, ఏసీ ఉన్న దుకాణంలో దొరికేదే పిజ్జా అని ఆయన వాదన. అక్కడ ధర బోర్డు మీద రాసి ఉంటుంది. వేలు పెట్టి చూపించి, డబ్బులిచ్చి, తినేసి రావచ్చు. ఎవరితోనూ నోరు విప్పి మాట్లాడే పని లేదు. ఆయనకు నచ్చేది అదే, నాకు గిట్టనిదీ అదే. రాసిపెట్టిన ధర చూస్తే నాకు ఆకలి చచ్చిపోతుంది.

నాది తిలక్ గార్డెన్ దగ్గర సాయంత్రం పూట నిలబడే తోపుడుబండి పార్టీ. ఆ బండి అతను పెనం మీద మూత పెట్టి కాలుస్తాడు, పైన కొత్తిమీర, సన్న కారప్పూస చల్లుతాడు. దాన్ని పిజ్జా అనడానికి మా ఆయన ఒప్పుకోరు, ముస్తాబైన చపాతీ అంటారు. అనుకోనివ్వండి. అక్కడ రెండు తీసుకుంటానంటే ధర దిగుతుంది. దిగకపోతే నేను మొహం తిప్పుకుని నడవడం మొదలుపెడతాను. వెనక నుంచి "అక్కా, ఓ అక్కా, రా రా, తీస్కపో" అని పిలుపు వస్తుంది. ఆ పిలుపుకున్న రుచి ఏ చీజుకూ లేదు.

మా బాపుకు పెద్ద బజార్‌లో స్టీలు సామాన్ల దుకాణం. వయసు మీద పడినా పొద్దున్నే గల్లా ముందు కూర్చోకపోతే ఆయనకు తోచదు. ఆయన లెక్కలో పిజ్జా అంటే రొట్టె మీద టమాట తొక్కు పూసి, దాని మీద పాలు ఇరగ్గొట్టడం. అలా అంటూనే సగం ఆయనే తినేస్తాడు.

"ఎక్కడిది మంచిగుంటది బాపూ?" అని అడిగితే, "ఎవడన్న తెచ్చి పెడితే గది" అంటాడు.

ఇలా మూడు పార్టీలతో ఇల్లు నడుస్తుండగా ఒక సాయంత్రం బోధన్ నుంచి మా తమ్ముడు ఫోన్ చేశాడు. వాడికి అక్కడ అదే స్టీలు సామాన్ల వ్యాపారం. స్పీకర్లో పెట్టి అందరం మాట్లాడుతుంటే మా పిజ్జా గొడవ విని మధ్యలో దూరాడు.

"మీరంత ఉత్తగనే కొట్లాడుతున్నరక్కా. అసలు పిజ్జా బోధన్ల దొరుకుతది."

బాపు పకపకా నవ్వాడు. "బోధన్ల పిజ్జానా? చక్కెర ఫ్యాక్టరీ ఊరు గద, దాని మీద పాకం పోస్తరా ఏందిరా?"

"నవ్వకు బాపూ. మా ఇంట్లనే చేస్తున్నది నీ కోడలు."

మా మరదలు వేల్పూర్ పిల్ల. పసుపు పండించే రైతుల ఇల్లు వాళ్లది. ఏడాదిగా బోధన్‌లోని శక్కర్‌నగర్‌లో ఇంటి దగ్గరే పిజ్జాలు కాల్చి కాలనీవాళ్లకు ఇస్తోందని మాకు తెలుసు కానీ, కాలక్షేపానికనుకున్నాం. ఇప్పుడు ఆమె దుకాణం పెట్టుకోవడానికి పనికొచ్చేలా బస్టాండ్ రోడ్డులో ఒక షటర్ ఖాళీ అయిందట. సెల్‌ఫోన్ల దుకాణంవాడు ఒకడు దాని చుట్టూ తిరుగుతున్నాడట. తీసుకుంటారో లేదో ఆదివారం సాయంత్రంలోగా చెప్పమన్నాడట ఓనరు.

"నాకైతే ఏం సమజైతలేదక్కా," అన్నాడు తమ్ముడు. "నేను ఇంటోణ్ని, నా నాలిక మీద నాకే నమ్మకం లేదు. నువ్వు, బాపు ఒచ్చి తినుండ్రి. మీకు నచ్చితె షటర్ తీస్కుంటం. లేకుంటె ఓవెనే అమ్మేస్త, మళ్ల దీని మాట ఎత్త అంటున్నది నీ మరదలు."

ఇక్కడ మా ఇంటి చదువు గురించి కొంచెం చెప్పాలి. అది తెలియకపోతే ఆ ఆదివారం జరిగింది అర్థం కాదు.

మా దుకాణానికి వచ్చి, బిందె మీద చెయ్యి నిమిరి, "అబ్బ, మంచిగున్నది" అన్నవాళ్ల కోసం బాపు లేచి నిలబడడు కూడా. వాళ్లు "మంచిగున్నది, మళ్లొస్తం" అని వెళ్లిపోయే రకం. మళ్లీ రారు. అదే ఇంకొకామె వచ్చి బిందె బోర్లించి, సొట్ట ఉందని, మూత బిగుతుగా ఉందని, మెరుపంతా పైపైనేనని, పోయినసారి తీసుకున్నది నీళ్లు కారిందని దులిపేస్తుందనుకోండి, బాపు మొహం వెలిగిపోతుంది. ఆమెకు స్టూలు వేయిస్తాడు, చాయ్ చెప్పిస్తాడు.

"వంక పెట్టెటోడే కొంటడు బిడ్డా," అని నాకు చిన్నప్పటి నుంచి నూరిపోశాడు. "మెచ్చుకునెటోడు సూసి పోతడు."

ఆ చదువు దుకాణంలోనే ఆగితే బాగుండేది. ఇంట్లోకి వచ్చి కూర్చుంది. మా ఆయన నన్ను చూడడానికి వచ్చి వెళ్లాక బాపు గుమ్మంలోనే నిలబడి, "జెర పొట్టి. మాట్లాడితె పాఠం చెప్పినట్టున్నది. నెత్తి మీద ఎంటికలు ఎక్కువ రోజులుండయి" అన్నాడు. అది విని మా అమ్మ వెంటనే ముహూర్తం పెట్టించడానికి మనిషిని పంపింది. ఆ మూడో మాట బాపు అన్నట్టే అయింది, అది వేరే సంగతి.

ఆదివారం మా ఆయన కారులో బయల్దేరాం. జానకంపేట దాటాక చెరుకు ట్రాక్టరు ఒకటి ముందు పడింది. దాన్ని దాటడానికి మా ఆయనకు ధైర్యం చాలక దాని వెనకే పాకించారు. ముందు సీట్లో బాపు దారి పొడుగునా ఆ చెరుకుకు వంకలు పెడుతూ కూర్చున్నాడు. సన్నగుందన్నాడు, రసం ఉండదన్నాడు. ట్రాక్టరు ఆపి ఒక గడ కొంటాడేమోనని నాకు భయమేసింది.

మేం వెళ్లేసరికి మరదలు వంటింట్లో ఉంది. "రాండ్రి వదినె, రాండ్రి అన్నా" అని పలకరించి మళ్లీ లోపలికి వెళ్లింది. ఆమె చెంగు కొసను వేలికి చుట్టి విప్పుతూ ఉండడం చూసి, బాగా బెదిరి ఉందని నాకు అర్థమైంది. కాసేపటికి ట్రే తెచ్చి మా మధ్య పెట్టింది.

రొట్టె లేత పసుపు రంగులో ఉంది. పిండిలో పుట్టింటి పసుపు చిటికెడు కలిపిందట. పైన కాల్చిన మక్కజొన్న గింజలు, ఎర్రగా వేగిన ఉల్లిగడ్డ. టమాటలో ఎండుమిర్చి, ఎల్లిపాయ నూరి వేసినట్టుంది, ఘాటు ముక్కుకు తగిలింది. ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాను. అంచు కరకరలాడింది, మధ్యలో మెత్తగా విరిగింది. మక్కలు తియ్యగా తగిలాయి, వాటి వెనకే కారం నెమ్మదిగా గొంతులోకి దిగింది. తిలక్ గార్డెన్ బండి నా మనసులో ఆ క్షణమే చక్రాలు ఊడి పడిపోయింది.

"అంచు మాడింది," అన్నాను.

మరదలు నా వైపు చూసింది.

"మక్కలు పండ్ల సందున ఇరుక్కుంటున్నయి," అని రెండో ముక్క తీసుకున్నాను.

బాపు తన ముక్కను పైకెత్తి, గిన్నెను కొట్టి చూసినట్టు వేలితో ఠక్కుమని కొట్టాడు. "సప్పుడు ఒస్తలేదు. పల్చగున్నది" అన్నాడు. నమిలాడు. "చీజు దారం లెక్క సాగుతున్నది, గడ్డానికి అంటుకున్నది. గీ పసుపెందుకేసినవమ్మా, ఎవరిదన్న పెండ్లా?" అంటూ మూడో ముక్క మీద చెయ్యి వేశాడు.

తమ్ముడు ఉబ్బిపోతున్నాడు. మేం ఒక్కో వంక పెట్టినప్పుడల్లా వాడి ఛాతీ ఒక అంగుళం పెరుగుతోంది. అంతలో మా ఆయన శుభ్రంగా చెయ్యి తుడుచుకుని, పిల్లవాడికి ప్రోగ్రెస్ కార్డు ఇస్తున్నంత నిండుగా చెప్పారు.

"చాలా మంచిగున్నదమ్మా."

తమ్ముడి మొహం వాడిపోయింది. "ఏంది బావా? నచ్చలేదా?"

"మంచిగున్నదంటున్న గద!"

"గదే అడుగుతున్న. ఏం తక్కువైంది? చెప్పు బావా, ఫికర్ లేదు."

"ఏం తక్కువ కాలేదయ్యా! మంచిగున్నది!"

"పోనీలే తీ," అన్నాడు బాపు మా తమ్ముడితో, అల్లుడి తరఫున క్షమాపణ చెబుతున్నట్టు. "ఆయనకు మనసు పట్టలేదు. మేమిద్దరం ఉన్నం గద."

ఈ గొడవలో మరదలు ఎప్పుడు లేచిందో ఎవరూ చూడలేదు. తమ్ముడు ఓనరుకు ఫోన్ చేయడానికి జేబులో చెయ్యి పెట్టాడు. "అక్క, బాపు గిన్ని వంకలు పెట్టిన్రంటె ఇంకేం గావాలె!" అన్నాడు. అప్పుడే లోపల ఓవెన్ ప్లగ్ పీకిన చప్పుడైంది. మరదలు గుమ్మంలోకి వచ్చింది.

"ఓనరుకు ఒద్దని చెప్పుండ్రి," అంది భర్తతో. "ఓవెన్ పక్కింటి మరాఠోళ్లు అడుగుతున్నరు. ఇచ్చేద్దం."

నేను ఆమె వెనకే వంటింట్లోకి వెళ్లాను. మిగిలిన మైదాను డబ్బాలోకి ఒంపుతోంది. డబ్బా వైపు చూడకపోవడంతో పిండి సగం కింద పోతోంది.

"గదేంది? మేం నచ్చలేదన్నమా?"

"ఇంకెట్లంటరు వదినె? గిన్నేండ్లల్ల నేను వండింది ఏనాడన్న మంచిగున్నదన్నరా మీరు?"

"అనలే. ఎందుకనలే? తిన్నం గనక అనలే."

ఆమెకు నవ్వు రాలేదు. ఇక గత్యంతరం లేక గొంతు సవరించుకుని, జీవితంలో నోటికి అలవాటు లేని ఆ మాట అనేశాను. "మంచిగున్నది."

"ఇగో, గిదొకటి," అంది మరదలు. కళ్లలో నీళ్లు నిలిచాయి. "మంచిగున్నదంటె కొననట్టేనని మీ తమ్ముడు పెండ్లైన కొత్తలనే చెప్పిండు."

నేను ఇరుక్కుపోయాను. వంక పెడితే ఆమెకు బాధ, మెచ్చుకుంటే అబద్ధం. పెద్ద బజార్‌లో ఎంతెంతమందిని మాటలతో బోల్తా కొట్టించిన నోరు, ఒక్క నిజం చెప్పడానికి దారి లేక తెరుచుకుని ఉండిపోయింది. చివరికి నాకు వచ్చిన విద్య ఒక్కటే మిగిలింది.

"ఎంతకిస్తవు?" అన్నాను.

"ఏంది?"

"ఇంకోటి గావాలె. ఇంటికి తీస్కపోత. ధర చెప్పు."

"వదినె దగ్గర పైసలు తీస్కుంటనా?"

"వదినెను కాదు, గిరాకీని. చెప్పు."

"మీరే చెప్పుండ్రి." ఆమె తల దించుకుంది. "మా ఇంట్ల పసుపు మార్కెట్‌కు తీస్కపోతె కొనెటోడే ధర చెప్తడు. మేం ఇని రావుడే. మాకు చెప్పుడు రాదు వదినె."

"చెప్పుడు రాకుంటె షటర్ల కూసోని ఏం జేస్తవు?"

ఆ మాటకు తలెత్తింది. కాలనీవాళ్లకు ఇచ్చే ధర చెప్పింది. న్యాయమైన ధర. మారు మాట్లాడకుండా ఇచ్చేయాలని సంచిలో చెయ్యి పెట్టాను, దేవుడి తోడు. కానీ చెయ్యి నా మాట విన్నా నోరు వినలేదు.

"సగానికియ్యి," అంది నా నోరు.

మరదలు నన్ను కిందికీ పైకీ చూసింది. "అంచు మాడిందన్నరు గద. మాడిందానికి బేరమెందుకు?"

"మాడింది గనకనే సగం."

"గాదు."

నేను మొహం తిప్పుకుని నడిచాను. గుమ్మం దాకా వెళ్లాను. పిలుపు రాలేదు. చెప్పు సరిచేసుకుంటున్నట్టు ఆగాను, నా కాళ్లకు చెప్పులు లేవని అప్పుడు గుర్తొచ్చింది. వెనక్కి చూస్తే ఆమె తీరిగ్గా ట్రే తోముతోంది.

"ఒద్దంటె పో వదినె," అంది తలెత్తకుండానే. "నిజామాబాద్‌ల మస్తు దొరుకుతయి. తిలక్ గార్డెన్ కాడ బండి ఉన్నదట గద."

వెనక్కి వచ్చి అడిగినంతా ఇచ్చాను. నా చేతిలోంచి తీసుకుని, లెక్క చూసుకుని, ఓవెన్ ప్లగ్ మళ్లీ పెట్టింది. "ఆగుండ్రి, వేడెక్కాలె," అంది. చెంగు కొసను నడుములో దోపుకుంది.

బాపు ఇదంతా గుమ్మం పక్కన నిలబడి వింటున్నాడని అప్పటిదాకా మాకు తెలియదు. గొంతు సవరించుకున్నాడు. "నాకొకటి చెయ్యి. ఎంత?"

ఆమె నాకు చెప్పినదానికన్నా ఎక్కువ చెప్పింది.

"దానికొక తీరు, నాకొక తీరా?" అని బాపు గయ్యిమన్నాడు.

"మీరు తగ్గించకుండ ఉంటరా మామా? తగ్గించేది ముందే కలిపిన."

బాపు ఇక బేరమాడలేదు. గోడ పట్టుకుని కోడలి వైపు అలా చూస్తూ నిలబడ్డాడు. గల్లా ముందు ఇంతకాలం కూర్చున్న మనిషికి అంతకన్నా పెద్ద సర్టిఫికెట్ ఇవ్వడం చేతకాదు. తర్వాత హాల్లోకి తిరిగి, "ఏందిరా సూస్తున్నవు? ఫోన్ చెయ్యి," అన్నాడు.

తమ్ముడు చేశాడు. అవతల ఓనరు కిరాయి చెప్పగానే, "ఎంతా?" అని గుండె పట్టుకున్నట్టు అరిచాడు. షటర్ తుప్పు పట్టిందన్నాడు, లోపల చెమ్మ ఉందన్నాడు, ముందు మోరీ కంపు కొడుతోందన్నాడు. బాపు పక్కనే నిలబడి వేళ్లతో ఇంకా తగ్గించమని సైగలు చేస్తున్నాడు. మా ఇంటి పద్ధతిలో పని నున్నగా సాగుతోంది. ఓనరు మెత్తబడుతున్నట్టే ఉన్నాడు.

అప్పుడు వంటింట్లోంచి మరదలు, ఓవెన్ చప్పుడును మించి, ఫోన్లో అవతలివాడికి స్పష్టంగా వినబడేలా కేకేసింది.

"ఎక్కువ గుంజకుండ్రి! గాయన ఎంతంటె గంతకే తీస్కోండ్రి. నాకు గావాలె!"

బాపు తల పట్టుకున్నాడు. మా ఆయన ఒక్కరే చప్పట్లు కొట్టారు. షటర్ వచ్చింది, కిరాయి ఒక్క రూపాయి తగ్గలేదు.