కుండ కింద మొలకలు

కర్నూలు రాజధాని అయిన కొత్తల్లో, అక్కడి ఆసుపత్రిలో నా పక్క మంచం ఒక ముసలి రైతుది. నేనప్పటికి మీసాలు రాని పిల్లోణ్ణి. ఇద్దరిదీ ఒకటే విషజ్వరం. వాన లేక ఆ ఏడు ఆయన చేను బీడు పడింది. పంచె కొంగున ముడేసుకొచ్చిన జొన్నగింజల్ని మా మంచాల మధ్య ఉన్న నీళ్లకుండ కింద, తడి ఇసుకలో గుచ్చినాడు. రోజూ లేస్తూనే అడిగేవాడు: "మొల్సిందేమప్పా?"

ఒక పొద్దున ఒకేచోట రెండు మొల్సినాయి. వంగి శానాసేపు చూసినాడు.

"రెండూ బతకవు. ఒకటి పీకెయ్."

సేద్యగాళ్లెవరైనా బక్కదాన్నే పీకుతారు. నేనూ దానిమీదే చెయ్యేసినాను. ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"చిన్నదాన్ని ఉండనీప్పా. పెద్దది పీకు."

పీకినాను.

మర్నాటికి ఆయన మంచం ఖాళీ. నాకు జ్వరం దిగింది.

ఇప్పటికీ మా చేన్లో ఒత్తుమొక్కలు పీకే పొద్దు, నేను గట్టుమీదే కూర్చుంటాను.