రమణమ్మక్క చెరిపించిన మాటలు

ప్రొద్దుటూరు బస్టాండులో ఉడకబెట్టిన శెనక్కాయల వాసన ముక్కుకు తగిలితే చాలు, రమణమ్మక్క పక్కన వచ్చి కూర్చున్నట్టే ఉంటుంది. బస్సెక్కే ముందు రెండు పొట్లాలు కొనందే ఆమెకు కాలు కదిలేది కాదు. జమ్మలమడుగు దగ్గర అంగన్‌వాడీలో ఆయాగా చేసి మానేసిన మనిషి. ఇళ్లలో ఆడవాళ్లు తినే దెబ్బల మీద నేను పరిశోధన చేస్తున్న రోజుల్లో ఊరూరా నాకు తోడు వచ్చింది.

నాకప్పుడు ఒక పొగరుండేది, నేనూ ఆడదాన్నే కదా, నాకు చెప్పక ఎవరికి చెబుతారని. నాలుగు ఊళ్లు తిరిగినా "మా ఆయన దేవుడు మేడం" అనే మాట తప్ప ఏమీ రాలేదు. రాజుపాలెం వైపు గొర్రెలు కాసే వాళ్లింట్లో ఇంటాయన నాకు కుర్చీ వేసి, భార్యను కింద కూర్చోబెట్టి, "మేడం అడిగిందానికంతా చెప్పు, సంతకం పెట్టు" అన్నాడు. నేను తెచ్చిన ఒప్పుకోలు కాగితం మీద ఆమె పెట్టింది. రమణమ్మక్క ఊరుకుంటుందా! "అప్పా, మీ పొట్టేళ్లు శానా బలంగా ఉండాయంట గదా, రా చూపిచ్చు" అని అతణ్ణి దొడ్లోకి లాక్కుపోయింది. ఆ అరగంటలో ఆమె పెళ్లయినప్పటి నుంచీ కడుపులో దాచుకున్నదంతా చెప్పింది. నా ఫోన్ రికార్డు చేస్తూనే ఉంది. నాకు లోపల పండగే. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

రమణమ్మక్క ఒక్కతే తిరిగి వచ్చేసరికి ఆ ఇల్లాలి ముఖం పాలిపోయి ఉంది.

"మేడం, అది తీసేయండి. ఆయప్ప పెట్టమంటే సంతకం పెడితి. మీరు ఆపీసోళ్లేమో, చెప్పకుంటే ఏమంటారో అనుకుంటి. తెలిస్తే నన్ను బతకనీడు" అంది.

"పేరు మారుస్తాంలేమ్మా, ఎవరికీ తెలియదు" అన్నాను.

"ఆయమ్మ పేరు మార్చమనిందా? తీసేయమనింది" అంది రమణమ్మక్క.

"అక్కా, ఇన్నాళ్లకు ఒక్కటి దొరికింది..."

"సదువు నీది, కాపురం ఆయమ్మది. రెండిట్లో ఒగటి పోవాలంటే ఏది పోవాలో నువ్వే చెప్పు పాపా."

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా కుర్చీ దిగి ఆ ఇల్లాలి పక్కన కూర్చున్నాను. ఫోన్ ఆమె చేతికే ఇచ్చి ఎక్కడ నొక్కాలో చూపించాను. నొక్కింది. పోయిందని నమ్మకం కుదిరాక సంతకం కాగితం కూడా అడిగి తీసుకుని చించేసింది. ఆ సాయంత్రం పులివెందుల బస్సులో అక్క అందించిన శెనక్కాయల పొట్లం తోసేసి కిటికీ వైపు తిరిగి కూర్చున్నాను.

అక్క పోయి మూడేళ్లయింది. ఇప్పుడు నేను కాలేజీ పిల్లలకు ఇదే పని నేర్పిస్తున్నాను. సంతకం పెట్టమని ఎవరు చెప్పారో ముందు కనుక్కోండి అంటాను. ఆ అరగంటలో ఆ ఇల్లాలు చెప్పింది నాకు పొల్లు పోకుండా గుర్తుంది. నా పుస్తకంలో రాయలేదు. క్లాసులో చెప్పలేదు. ఇక్కడా రాయను.