గెలిచిన బండి అడిగితే ఇవ్వాల్సిందే

ఇంట్లోనూ బయటా అందరూ ఆమెను బొంగరం అనే పిలుస్తారు. చిన్నప్పుడు వాళ్ళమ్మ విసుగెత్తి పెట్టిన పేరది. తిండి తినేటప్పుడు కూడా ఒక్క చోట కూర్చునేది కాదట. నలభై దాటాక కూడా ఆ తీరు మారలేదు. అలాంటి మనిషికి దొరికిన ఉద్యోగం స్కూలు బస్సు నడపడం! ఎంత తొక్కినా ఒక వేగం దాటకుండా ఆ బస్సుకి కళ్ళెం బిగించి ఉంటుంది. సైకిలు మీద పోయే ముసలాయన కూడా ఆమెను దాటి, పాపం అన్నట్టు వెనక్కి చూసి మరీ వెళ్తాడు. వెనక పిల్లల గోల, ముందు ఎర్ర లైటు, స్టీరింగ్ మీద టకటక కొట్టుకుంటూ ఆమె వేళ్ళు.

వారమంతా అలా బిగబట్టుకున్నదంతా నెలకో ఆదివారం బైకు రేసులో తీర్చుకునేది. ఊరి బయట ట్రాకులో ఒక క్లబ్బు వాళ్ళు పెట్టే పందెం అది. వచ్చేవాళ్ళంతా ఏదో ఒక ఉద్యోగం చేసుకునేవాళ్ళే. అందులో చౌక తరగతి అని ఒకటుంది. బండి కొన్న ధర, అందులో వేసిన సామాను ధర, మెకానిక్కుకి ఇచ్చిన కూలి, అంతా కలిపి ఒక హద్దు దాటకూడదు. ఇంట్లోవాళ్ళు చేసిన పనికి మాత్రం లెక్క లేదు. ఆమె అన్నయ్యకి సొంత మెకానిక్ షెడ్డు ఉంది కాబట్టి ఆ వెసులుబాటు ఆమెకి బాగా కలిసొచ్చింది.

దొంగచాటుగా ఖరీదైన సామాను వేసుకోకుండా క్లబ్బు ఇంకో తిరకాసు కూడా పెట్టింది. మొదటి ముగ్గురిలో ఎవరి బండినైనా, అదే పందెంలో పాల్గొన్న ఎవరైనా, అరగంటలోపు ఆ హద్దు ధర చెల్లించి తీసుకుపోవచ్చు. ఇవ్వనంటే ఆ సీజనంతా బయటే. ఎన్నేళ్ళుగానో ఆ నిబంధన కాగితం మీదే ఉండిపోయింది. సాటివాడి బండి లాక్కునేంత మొండితనం ఎవరికీ లేకపోయింది.

ఆ ఏడు వానాకాలమంతా అన్నాచెల్లెళ్ళు బండిని విప్పడం, బిగించడం. ఆమె పొట్టి మనిషి. సీటు కోసి కిందకి దించారు, కాళ్ళు పెట్టుకునే కడ్డీలు ముందుకి జరిపారు, హ్యాండిల్ ఒంటికి దగ్గరగా వంచారు. "ఇది బండి కాదే, నీ కొలతలకి కుట్టిన చొక్కా" అన్నాడు అన్నయ్య. సీజను మొదటి పందెంలోనే ఆమె గెలిచింది. ఎప్పుడూ నాలుగో ఐదో వచ్చే మనిషి, అప్పటిదాకా అందరికంటే ముందున్న ఒక పళ్ళ డాక్టరుని ఆఖరి మలుపులో లోపలి వైపు నుంచి దాటేసింది.

ఇంకా హెల్మెట్ తీయనేలేదు, క్లబ్బు కార్యదర్శి గొంతు సవరించుకుంటూ వచ్చాడు.

"అమ్మా, డాక్టరు గారు మీ బండి అడుగుతున్నారు."

"అడిగితే? ఒక రౌండు నడుపుకుని ఇస్తారా?"

"కాదమ్మా. నిబంధన ప్రకారం... కొంటామంటున్నారు."

పళ్ళ డాక్టరు ఆరడుగుల మనిషి, మర్యాదస్తుడు. ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. "తప్పుగా అనుకోకండి. నిన్నటిదాకా నా వెనక కనిపించని బండి ఇవాళ నన్ను దాటింది. లోపల ఏముందో చూడాలి."

ఆమెకి అరికాలి మంట నెత్తికెక్కింది. తనిఖీ షెడ్డులో ఆ గోడ నుంచి ఈ గోడకి కాలు కాలిన పిల్లిలా తిరిగింది. మందుల షాపులో పనిచేసే భర్త సామాను సంచి పట్టుకుని ఆమె వెనకే తిరిగాడు.

"పోనిద్దూ. ఆ డబ్బుతో ఫ్రిజ్ కొందాం. ఆదివారాలు ఇంట్లో ఉందువు" అన్నాడు.

"ఇంట్లో ఉండి ఏం చెయ్యాలండీ, ఫ్రిజ్ తలుపు తీసి మూస్తూ కూర్చోనా?"

అన్నయ్య మాత్రం డాక్టరు బండి వైపు గడ్డం ఎగరేశాడు. అది రెండో బండి. మొదటి ముగ్గురిలోదే. ఆమె టక్కున ఆగింది. డాక్టరిచ్చిన డబ్బు అందుకుని, కనీసం మడత కూడా విప్పకుండా కార్యదర్శి చేతిలో పెట్టింది.

"ఆయన బండి నేను తీసుకుంటున్నాను. ఇంకా అరగంట కాలేదుగా?"

డాక్టరు జేబు తడుముకుని తాళంచెవి తీసిచ్చాడు. అందరూ నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు. తన బండిని డాక్టరు ట్రాలీ మీదికి ఎక్కించి తాళ్ళు బిగిస్తుంటే మొహం తిప్పేసుకుంది.

డాక్టరు ఆ వారమే ఇంజను విప్పి చూశాడు. దొంగసరుకేమీ లేదు. ఆ మాట తనే ఫోను చేసి చెప్పాడు, క్షమించమన్నాడు. "సరేలెండి" అని పెట్టేసింది గానీ ఆ మాటతో కడుపులో మంట చల్లారలేదు.

తర్వాతి పందెంలో ఇద్దరి పనీ అయింది. డాక్టరు బండి మీద ఆమె వేలికొసలు హ్యాండిల్‌కి అందీ అందనట్టుండేవి. బ్రేకు నొక్కేసరికి మలుపు వెళ్ళిపోయేది. ఆమె బండి మీద డాక్టరు మోకాళ్ళు చెవుల దాకా వచ్చాయి. ఆమె తొమ్మిది, ఆయన పదకొండు. కొలతలు మార్చుకుందామా అంటే సామాను, కూలి కలిపి హద్దు దాటుతుందని ఆయన భయం. ఆమెకేమో పరాయి బండిని కోయడానికి చెయ్యి రాలేదు.

ఒక సాయంత్రం ఆయన స్కూలు గేటు దగ్గర బస్సు కిటికీ పక్కకొచ్చి నిలబడ్డాడు.

"మీది మీరు తీసుకోండి, నాది నాకిచ్చెయ్యండి."

"కుదరదు డాక్టరు గారూ. సీజను అయ్యేదాకా పాత యజమానికి తిరిగి అమ్మకూడదట. కనుక్కున్నాను."

"మరి దారి లేదా?"

"ఒక్కటుంది. పందెం అయ్యాక అడిగి తీసుకోవడానికి ఆ అడ్డు లేదు. మీరు నా బండి మీద మొదటి ముగ్గురిలో రావాలి. అప్పుడు అరగంటలో నేను అడుగుతాను."

"ఆ బండి మీద నేనా? ముగ్గురిలోనా?"

"నేర్పిస్తాను."

కనీసం పెట్టిన డబ్బైనా తిరిగొస్తుందని ఆయన ఒప్పుకున్నాడు. ఆ రోజు నుంచి ట్రాకు ఖాళీగా ఉన్నప్పుడల్లా ఆమె కంచె పట్టుకుని అరిచేది. "ముందే వంగకండి! దాన్ని నమ్మండి! అది తిరుగుతుంది, మీరే తిరగనివ్వట్లేదు!" తను కూర్చోవాల్సిన బండి మీద ఇంకొకరు కూర్చుంటే చూస్తూ నిలబడడం ఆమెకి నరకంగా ఉండేది. చేతులు వాటంతటవే క్లచ్ నొక్కేవి. రెండు నెలలకి డాక్టరు మోకాళ్ళు పక్కకి విప్పి, పెద్ద మిడతలా ఆ బండికి అతుక్కుపోవడం నేర్చాడు. మలుపులో మొదటిసారి సరిగ్గా తిరిగిన రోజు చిన్నపిల్లాడిలా కేక పెట్టాడు. ఆ కేక విని ఆమెకి ఏదోలా అయింది. సంతోషించాలో భయపడాలో తెలియలేదు.

ఆ తర్వాతి పందెంలో ఆయన మూడో స్థానంలో వచ్చాడు. ఆమె ఆరు. హెల్మెట్ విసిరేసి పరిగెత్తింది. ఫ్రిజ్ కోసమని విడిగా కూడబెట్టిన డబ్బు భర్త తనంతట తనే పొద్దున్నే ఆమె జేబులో కుక్కాడు. తీరా వెళ్తే డాక్టరు ట్యాంకు మీద చెయ్యి వేసి నిమురుతున్నాడు.

"ఈ ఒక్క సీజనూ ఉంచుకోనివ్వండి. ఇన్నేళ్ళలో ఏ బండీ నాతో ఇలా మాట్లాడలేదు."

ఆమె వెనక్కి తిరిగి షెడ్డు బయటికి వెళ్ళింది. లోపలికొచ్చింది. మళ్ళీ వెళ్ళింది. నేర్పిందే తను. ఆ ప్రేమ అంటించిందీ తనే. ఇంకో మనిషైతే వదిలేసేదేమో.

"డాక్టరు గారూ, నేనంత మంచిదాన్ని కాదు" అని డబ్బు కార్యదర్శికి ఇచ్చేసింది.

ఆయన తాళంచెవి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆయన పాత బండిని ఆమె వేరే పొడుగాటి మనిషికి అమ్మి, ఫ్రిజ్ కొనేసింది. కానీ ఆ బల్ల మీది తాళంచెవి చాలా రోజులు కళ్ళల్లో మెదిలింది.

ఆఖరి పందెం మళ్ళీ ఆమెదే. అరగంటసేపు బండి చుట్టూ గిరగిరా తిరిగింది, ఎవరడుగుతారోనని. ఎవరూ అడగలేదు. డాక్టరు మోకాళ్ళ అవస్థ అందరూ కళ్ళారా చూశారు మరి! కార్యదర్శి చెయ్యి కలిపి, మెల్లగా ఇంకో కబురు చెప్పాడు. చౌక తరగతిలో రెండుసార్లు గెలిచినవాళ్ళు ఇక అందులో ఉండకూడదు. పై తరగతికి పోవాలి. అక్కడ ఖర్చుకి హద్దు లేదు, బండి లాక్కునే నిబంధనా లేదు. "అంటే గెలిచినందుకు శిక్షన్నమాట" అంది.

సీజను ముగిసిన వారానికి డాక్టరు షెడ్డుకొచ్చాడు. "ఇప్పుడు అమ్మొచ్చు కదా. పై తరగతిలో దీనితో మీరేం చేస్తారు?"

"ఆఖర్న వస్తాను. అయినా అమ్మను."

ఆయన తలూపాడు. అన్నయ్య వైపు తిరిగాడు. "నా కొలతలకి ఇలాంటిది ఒకటి చేసిపెడతారా?"

"నేను చేస్తే కూలి లెక్కలోకొస్తుంది సార్. హద్దు దాటిపోతుంది. మీరే చేసుకోండి, పక్కన నిలబడి చెప్తాను."

షెడ్డులో మూలనున్న పాత బండి ఒకటి కొనుక్కుని, ఆయన ఆ సాయంత్రమే చొక్కా చేతులు మడిచాడు. సన్నటి పనికి అలవాటైన వేళ్ళు, త్వరగానే పట్టుబడింది. ఆమె కాసేపు చేతులు కట్టుకుని దూరంగా నిలబడింది. తర్వాత ఇటు నుంచి ఒకసారి, అటు నుంచి ఒకసారి తొంగి చూసింది. చివరికి ఉండబట్టలేక దగ్గరికెళ్ళి కూర్చుంది.

"ఆ బోల్టు అటు కాదు డాక్టరు గారూ, ఇలా ఇవ్వండి."