పెళ్ళి కారులో రాగితీగ

విజయవాడ ఆటోనగర్‌లో ఒక షెడ్డులో హెల్పరుగా చేరి, ఎలక్ట్రికల్ మేస్త్రినై, ముప్పై రెండేళ్ళు పనిచేసి మానేశాను. మానేసిన మరుసటి వేసవిలో ఒక శుక్రవారం పొద్దున్నే కంకిపాడు నుంచి మా అల్లుడు రాజు ఫోన్ చేశాడు. వాళ్ళ పాత కారులో బ్రేకు తొక్కితే హారన్ మూలుగుతోందట. హారన్ కొడితే వెనక బ్రేకు లైట్లు వెలుగుతున్నాయట. మా అమ్మాయి సునీతకు నెలలు నిండాయి. మర్నాడు ఆ కారులోనే విజయవాడ ఆసుపత్రికి తీసుకురావాలి.

"వేరే కారు మాట్లాడమంటారా మామయ్యగారూ?" అన్నాడు.

"నేనుండగా వేరే కారెందుకు బాబూ?" అన్నాను.

మా ఆవిడ మార్తను వెంటబెట్టుకుని, సంచిలో టెస్టుల్యాంపు వేసుకుని బస్సెక్కాను. టెస్టుల్యాంపంటే ఒక చిన్న బల్బు, దానికి రెండు తీగలు. ఒక కొస కారు బాడీకి తగిలించి, రెండోది వైరుకు ఆనిస్తే కరెంటున్న చోట వెలుగుతుంది.

రాజు బ్రేకు తొక్కాలి. మార్త వెనక నిలబడి లైట్లు చూసి చెప్పాలి. నేను ముందు సీటు దగ్గర డాష్‌బోర్డు కింద తల దూర్చాను.

"వెలిగాయా?"

"వెలిగాయండీ. హారన్ కూడా ఏడుస్తోంది, మీకు వినబడట్లేదా?"

వాకిట్లో కుర్చీలో కూర్చున్న సునీత నవ్వింది. "పెళ్ళిరోజు అయిదు నిమిషాల్లో చేశావుగా నాన్నా, ఇవాళ గంటయినా తేలదేం?"

అది మా ఇళ్ళలో అందరికీ తెలిసిన కథ. ఆరేళ్ళ కిందట పెళ్ళికూతుర్ని చర్చికి తీసుకెళ్ళడానికి మగపెళ్ళివారు పంపిన కారు ఇదే. కాలవగట్టు మీద హారన్, బ్రేకు లైట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. కొత్త చొక్కాతోనే డాష్‌బోర్డు కిందికి దూరి బాగుచేశాను, వేళకు చేరాం. ఏ విందులో కూర్చున్నా ఆ కథ నేనే చెప్పేవాణ్ణి.

ఫ్యూజు పెట్టె మూత తీశాను. ఫ్యూజు పని ఒక్కటే. కరెంటు ఎక్కువైతే తనలోని సన్న రేకు కరిగి తెగి, వైరును కాపాడుతుంది. అక్కడి ఫ్యూజు ఎప్పుడో మాడిపోయింది. దాని రెండు కాళ్ళనూ కలుపుతూ రాగితీగ చుట్టి ఉంది. లావు తీగ తెగదు, దాని బదులు వైరు కాలుతుంది. వైర్ల కట్ట మీది టేపు విప్పాను. జానెడు మేర వైర్ల తొడుగులు కరిగి ముద్దయ్యాయి. హారన్ వైరు, బ్రేకు లైటు వైరు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. టేపు లోపలివైపు బొగ్గులా ఉంది. అక్కడికి బెత్తెడు దూరంలోనే, ముందు సీట్లో సునీత కాళ్ళు పెట్టుకునేది.

రాజు వంగి చూశాడు. "ఎవడండీ ఈ పనికిమాలినోడు? వాడి చేతిలో మళ్ళీ స్క్రూడ్రైవర్ పెట్టకూడదు."

అవునందామని తీగ దగ్గరగా చూశాను. మూడు పోగులు కలిపి మెలేసి, వేలికి గుచ్చుకోకుండా కొస లోపలికి మడిచి ఉంది. ఆటోనగర్‌లో తీగ అందరూ చుట్టేవారు. కొస అలా మడిచేది నేనొక్కణ్ణే.

రేపు ఫ్యూజు వేద్దామనుకుని పెళ్ళిరోజు చుట్టిన తీగ అది. పదేళ్ళ కిందట చేసిన బండి నంబరు అడిగినా చెప్పగలిగినవాణ్ణి. కథ మాటమాటా గుర్తుంది. తీగ గుర్తులేదు.

"ఆ పనికిమాలినోణ్ణి నేనే బాబూ," అన్నాను.

హాస్యమనుకుని రాజు నవ్వాడు. మార్త నా ముఖం చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. సునీత, "మొన్న బందరు కూడా ఇందులోనే వెళ్ళొచ్చాం నాన్నా," అంది.

కాలిన ముక్క కోసేసి, అదే లావు కొత్త వైరు వేసి, అతుకులు సోల్డరింగ్ చేసి, సరైన ఫ్యూజు పెట్టాను. బ్రేకుకు లైట్లు, హారన్‌కు హారన్ వేటికవి పనిచేశాయి. అయినా కాలిన కట్టను బాగుచేశాక కొంత దూరం నడిపి, చెయ్యిపెట్టి వేడి చూడందే మనుషుల్ని ఎక్కించకూడదు.

"వేరే కారు మాట్లాడండి బాబూ," అన్నాను.

శనివారం రాజు, సునీత, మార్త అద్దె కారులో ముందు వెళ్ళారు. ఆ వెనక పాత కారు నేనొక్కణ్ణే నడుపుకుంటూ, మూడుచోట్ల ఆపి వైర్లు తడిమి చూశాను. ఎక్కడా వేడెక్కలేదు. నేను ఆసుపత్రికి చేరేసరికి సునీతను లోపలికి తీసుకెళ్ళారు. సాయంత్రం ఆడపిల్ల పుట్టింది.

దారిలో అవసరానికి ఎవరు తీగ చుట్టినా, ఇంటికి చేరగానే తీసి ఫ్యూజు వెయ్యాలి. అది అయ్యేదాకా బండి బాగుచేశానని ఎవరికీ చెప్పకూడదు.